ఫిల్టర్ తర్వాత నీళ్ళు

ఈ మధ్య నాకు ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది నా ఆరోగ్యం గురించి అడగడం లేదు. నా వాటర్ ఫిల్టర్ గురించి అడుగుతున్నారు. ఆఫీసువాళ్ళ వైద్యం ఖాతా, ఎఫ్‌ఎస్‌ఏ డబ్బుతో కొన్నావట కదా, వాళ్ళెలా ఒప్పుకున్నారు, ఏం రాసిచ్చావు అని. లింఫోమా కేన్సర్ నుంచి బయటపడ్డవాణ్ణని అమెరికాలో మేముండే ఈ మోరిస్‌విల్‌లో కొద్దిమందికే తెలుసు. ఫిల్టర్‌కి డబ్బు రాబట్టినవాణ్ణని మాత్రం ఊరంతటికీ తెలుసు. ఇంత పేరు నా ఉద్యోగంలో ఇరవై ఏళ్ళలో సంపాదించలేకపోయాను.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. నాకోసం కూడా రాసుకుంటున్నాననుకోండి. పోయిన ఏడాదిని వరసలో పెట్టుకుంటే తప్ప అది నిజంగా అయిపోయిందన్న నమ్మకం కలగడం లేదు. డబ్బు ఎలా రాబట్టాలో మాత్రమే కావలసినవాళ్ళు తిన్నగా జూలై నెలకి వెళ్ళిపోవచ్చు. కాకపోతే అలా వెళ్ళినవాళ్ళకి ఫిల్టర్ దొరుకుతుంది గానీ, నాకు దొరికింది దొరకదు.

ఫిబ్రవరి, మార్చి

గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన గోలీకాయంత గడ్డ తగిలింది. అక్కడి నుంచి పరీక్షలు, సూదులు, మళ్ళీ పరీక్షలు. వాటి సంగతి వదిలేస్తాను. గుర్తున్నది వెయిటింగ్ రూమ్. అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు, అందరూ బూట్లు చూస్తారు. రెండు వారాల్లో నేను మనుషుల్ని బూట్లతో గుర్తుపట్టడం నేర్చుకున్నాను. నా భార్య సంధ్య డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాసుకొచ్చేది. నేను అడగకూడదనుకున్నవి కూడా అందులోనే ఉండేవి.

డాక్టర్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. తగ్గే రకమే అన్నారు. ఆరు విడతల కీమో, విడతకీ విడతకీ మధ్య మూడు వారాలు. "మందు పని మందు చేస్తుంది. మధ్యలో గ్యాప్ రాకుండా చూసుకోవడం ఒక్కటే మీ పని," అన్నారు. ఇన్ఫెక్షన్ వస్తే విడత వాయిదా పడుతుంది. వాయిదాలు పెరిగితే జబ్బుకి ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. ఆ ఒక్క పని నా చేతిలో ఉందని విని సంతోషించాను. తక్కినవేవీ నా చేతిలో లేవు మరి.

కీమో అంటే ఏమో అనుకున్నాను. సెలూన్ కుర్చీలా వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు బొట్టుగా మందు ఎక్కిస్తూ మధ్యాహ్నమంతా గడపడమే. మొదటి రోజు ఎదుటి కుర్చీలో తెల్లగడ్డం పెద్దాయన నా మొహం చూసి, జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి నర్సు చేత పంపించారు. నోట్లో ఇనుప రుచి వస్తుంది, ఇది పెట్టుకో అన్నారట. నిజంగానే వచ్చింది. ఆ గదిలో నాకు బూట్ల కంటే ముందు మొహం గుర్తున్న మనిషి ఆయనొక్కరే.

రెండో విడత తర్వాత జ్వరం, దానితోపాటు కడుపు చెడిపోవడం. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి పంపేముందు మా కీమో గది నర్సు గ్లోరియా తిండి, నీళ్ళ జాగ్రత్తలు వరసగా అడిగింది. బావి నీళ్ళా, ఊరి నీళ్ళా? ఊరివే. ఫిల్టర్ ఉందా? లేదు. చాలామందికి ఊరి కుళాయి నీళ్ళే సరిపోతాయి గానీ, మీ పొట్ట సంగతి చూశాక ఒక మంచి ఫిల్టర్ పెట్టుకుంటే నాకు కాస్త నిశ్చింత అన్నారు పక్కనే ఉన్న డాక్టర్. అదీ మొదలు.

ఏప్రిల్

మా కాలనీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో సంధ్య ఒక్క ప్రశ్న వేసింది. మంచి వాటర్ ఫిల్టర్ ఏది అని. సాయంత్రానికి మా ఇంట్లో నీళ్ళు తప్ప ప్రపంచంలోని నీళ్ళన్నీ మా ఫోన్‌లోకి వచ్చేశాయి. ఒకరు సింక్ కింద పెట్టేది, ఒకరు జగ్గులో పెట్టేది, ఒకరు స్నానానికి కూడా ఫిల్టర్ ఉండాల్సిందే అన్నారు. ఇంకొకరు చిన్న కారు ధరకి నీళ్ళలో ఆమ్లం తగ్గించే మెషీన్ ఉందని, తమ దగ్గరే కొంటే డిస్కౌంట్ ఇస్తామని పెట్టారు. సంధ్య స్ప్రెడ్‌షీట్ తెరిచింది. రంగులు వేసింది. రంగులన్నీ కలిసి హోలీ అయ్యింది గానీ నిర్ణయం కాలేదు.

అప్పుడొచ్చాడు రమణ. మా ఎదురింటివాడు, వరంగల్ మనిషి, నన్ను అన్నా అంటాడు. జబ్బు మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు వాళ్ళింటి చారు డబ్బా మా గుమ్మం ముందు పెట్టి, బెల్ కొట్టి, దూరం జరిగి నిలబడేవాడు. ఆ రోజు చారుతోపాటు టీడీఎస్ పెన్ను కూడా తెచ్చాడు. నీళ్ళలో ముంచితే ఎంత ఉప్పుందో అంకె చూపించే పరికరం. హైదరాబాద్‌లో బోరు నీళ్ళు తాగి పెరిగిన మా తరానికి ఆ అంకె మీద ఉన్నంత నమ్మకం జాతకం మీద కూడా లేదు. సంధ్య గ్లాసుతో కుళాయి నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది. రమణ నాడి చూసే వైద్యుడిలా పెన్ను ముంచి, కళ్ళు చిట్లించి చూశాడు.

"అన్నా, గీ నీళ్ళు తాగుతున్నవా ఇన్నొద్దుల నుంచి?"

అంతే. అంకెని బాగా తగ్గించేది ఆర్‌ఓ కనక ఆర్‌ఓ అని తేలిపోయింది. డాక్టర్ భయపడింది క్రిముల గురించి, రమణ పెన్ను చూపించింది ఉప్పుల గురించి. ఆ రెంటికీ సంబంధం లేదన్న సంగతి సంధ్య స్ప్రెడ్‌షీట్‌లో గానీ నా బుర్రలో గానీ ఏ గడిలోనూ లేదు. ఆర్‌ఓ మంచిదే, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఎంచుకున్న పద్ధతి అదీ అని చెప్తున్నాను.

డబ్బు సంగతి నేను చూసుకుంటానన్నాను. మా కంపెనీలో ఎఫ్‌ఎస్‌ఏ ఉంది. జీతంలోంచి పన్ను కోయకముందే కొంత పక్కన పెట్టుకుని, ఆ ఏడాదిలోగా వైద్యానికి వాడుకోవాల్సిన ఖాతా. వాడకపోతే పోతుంది. వారాంతం సేల్‌లో ఫిల్టర్ కొని ఆ కార్డే గీకాను. పనిచేసింది. జబ్బు చేసిన తర్వాత నేను సొంతంగా సాధించిన మొదటి విజయం అది. పది రోజులు నిలిచింది.

ఆర్‌ఓ కుళాయి నీళ్ళు సన్నటి ధారగా వస్తాయి. నన్నేమో బాగా నీళ్ళు తాగమన్నారు. పైగా రమణ గుమ్మంలో నిలబడి ఇంకో మాట అన్నాడు. ఆర్‌ఓలో అన్నీ పోతాయి అన్నా, నీళ్ళల్ల జీవముండదు, రాగి బిందెల పోసి తాగు అని. మా గృహప్రవేశానికి సంధ్య మేనత్త సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన రాగి బిందె ఒకటి ఉంది. దాన్ని దించాను. రోజూ సాయంత్రం ఫిల్టర్ కింద పెట్టి నింపడం, పొద్దున్నే గ్లాసు ముంచుకుని పరగడుపున తాగడం. అది నా డ్యూటీ అని ఇంట్లో ప్రకటించాను.

నవ్వకండి. అప్పటికి నాకు ఇంట్లో మిగిలిన పని అదొక్కటే. చెత్త డబ్బాలు బయటపెట్టడం అన్వికి పోయింది. మా అమ్మాయి, తొమ్మిదో క్లాసు. వంట, కారు, బిల్లులు సంధ్యకి పోయాయి. మందు వల్ల వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయి, చొక్కా గుండీలు కూడా వాళ్ళిద్దరిలో ఎవరో ఒకరు పెట్టేవాళ్ళు. బిందె నింపడానికి మాత్రం వేళ్ళక్కర్లేదు. నిలబడి చూస్తే చాలు. నీళ్ళు నిండుతుంటే నేను ఇంకా ఈ ఇంటి మనిషినే అనిపించేది.

మే

ఖాతా చూసుకునే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు కొన్నది "సాధారణ ఆరోగ్యం" కోసం వాడే వస్తువు, కాబట్టి వర్తించదు, డబ్బు వెనక్కి కట్టండి అని. సాధారణ ఆరోగ్యం! నా దగ్గర లేనిదల్లా అదే కదా.

ఫోన్ చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత ట్రేసీ అనే అమ్మాయి పలికింది. చాలా మర్యాద. ఫిల్టర్ వైద్యానికి అవసరమని డాక్టర్ లెటర్ ఉండాలంది. ఏముండాలి అందులో అంటే జబ్బు పేరు, వస్తువు పేరు, ఎందుకు అవసరం, ఎంతకాలం అవసరం అంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు పంపాను. చాలవన్నారు. మందుల చిట్టా పంపాను. అదీ చాలదన్నారు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ పుట్టిన తేదీ దగ్గర్నుంచి మొదలు. ప్రతి తిరస్కరణ చివరా "మీకు ఆరోగ్యకరమైన రోజు కావాలని కోరుకుంటున్నాం" అని ముగించేవాళ్ళు. నా ఉద్యోగంలో కోడ్ పాడైతే నాకు కోపం రాదు. ఇక్కడ కోడ్ బాగానే ఉంది, మనిషే లోపల పట్టడం లేదు. వాళ్ళది కూడా ఒక ఫిల్టరే. నన్ను మాత్రం భేషుగ్గా వడపోసింది.

ఒక రోజు భోజనాల వేళ ఫోన్‌లోనే అరిచాను. ఏమన్నానో రాయను. అన్వి తన ప్లేటు తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. సంధ్య నా ముందు నుంచి ఫోన్ తీసి పక్కకి జరిపింది. తర్వాత, "ఆ డబ్బు కోసం ఇంత స్ట్రెస్ ఎందుకండీ? నీళ్ళొదిలేద్దాం," అంది.

"నీళ్ళ కోసమే కదా గొడవంతా. నీళ్ళనే ఎలా వదలను?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అది డబ్బు గురించి కాదని ఇద్దరికీ తెలుసు. కేన్సర్‌కి కస్టమర్ సర్వీస్ నంబర్ లేదు. ఎఫ్‌ఎస్‌ఏకి ఉంది. అరవడానికి నాకు దొరికిన నంబర్ అది.

నాలుగో విడత అయిన పది రోజులకి మళ్ళీ జ్వరం. మళ్ళీ కడుపు. మళ్ళీ ఆసుపత్రి. ఈసారి ఐదు రోజులు. ఐదో విడత వాయిదా వేశారు. వారం చూద్దాం, రక్తంలో తెల్లకణాల సంఖ్య పెరగకపోతే ఇంకో వారం అన్నారు డాక్టర్. ఆయన గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది గానీ, కుర్చీలో కాస్త ముందుకి జరిగి చెప్పారు. నాకున్నది ఒకే ఒక్క పని, గ్యాప్ రాకుండా చూసుకోవడం. అదీ చేయలేకపోయాను. నీరుగారిపోయాను.

నా ఉద్యోగం చెప్పలేదు కదూ. మా కంపెనీలో ఏ సిస్టం కూలిపోయినా, తప్పు ఎక్కడ మొదలైందో తవ్వి పట్టుకునే టీమ్‌కి నేను లీడ్‌ని. ఆసుపత్రి మంచం మీద ఆ పనే మొదలుపెట్టాను. ఊరి నీళ్ళ వాళ్ళని అనుమానించాను. ఫిల్టర్ బిగించినవాణ్ణి అనుమానించాను. రమణ చారుని కూడా అనుమానించాను, సిగ్గు లేకుండా తాగుతూనే. చివరికి సంధ్యతో, నువ్వు కొత్తిమీర సరిగ్గా కడగలేదేమో అన్నాను.

నేను ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్‌లో కొత్తిమీర లేదు, పుదీనా లేదు, కరివేపాకు కూడా లేదు. మూడు వారాలు మా ఇంట్లో పప్పు కూడా నా మాటలాగే రుచీ పచీ లేకుండా ఉంది.

జూన్

డాక్టర్ లెటర్ కావాలంటే ఆసుపత్రివాళ్ళదే ఒక ఫారం నింపాలని తెలిసింది. నాలుగు పేజీలు. ఆ లెటర్ కోసం ముందు నేనొక లెటర్ రాయాలన్నమాట. నా వేళ్ళతో పెన్ను నిలవడం లేదు కనక అన్విని కూర్చోబెట్టి నేను చెప్తుంటే రాయమన్నాను. సంధ్య పక్కనే ఆఫీస్ మీటింగ్‌లో ఉంది, మ్యూట్‌లో.

పేరు, జబ్బు, మందులు. అన్వి గబగబా రాసేస్తోంది. మూడో పేజీలో ఆగింది.

"నాన్నా, డ్రింకింగ్ వాటర్ హౌ డూ యూ స్టోర్ అని ఉంది."

"ఫిల్టర్ నీళ్ళు అని రాయి."

"అది పైన రాసేశాను. ఇది స్టోరేజ్. బిందె కౌంట్ అవుతుందా?"

నీళ్ళు నమిలాను. బిందె అని రాస్తే వాళ్ళకేం అర్థమవుతుంది, అనవసరంగా ఇంకో ప్రశ్న వేస్తారు, ఇంకో వారం పోతుంది. ఫ్రిజ్‌లో జగ్గు అని రాసెయ్యి అన్నాను.

"కానీ అది లై కదా నాన్నా. నువ్వు రోజూ బిందెలోంచే తాగుతావు."

దాని తెలుగులో సగం అక్షరాలు మెత్తగా పడతాయి. ఆ మాట మాత్రం గట్టిగానే పడింది. సంధ్య మీటింగ్‌లోంచి తలెత్తి చూసింది. నేను చెయ్యి ఊపి, నీ ఇష్టం అన్నాను. అన్వి రాసింది. రాగి కుండ, మూత లేదు, వంటగది గట్టు మీద, రాత్రంతా, గ్లాసు ముంచుకుని తాగుతారు. ఎన్నాళ్ళకోసారి కడుగుతారు అన్నచోట నా మొహం చూసింది. డ్యూటీ నాది కనక ఇంకెవరూ ముట్టుకోలేదు. మొదట్లో చింతపండుతో బయట తోమేవాణ్ణి. బిందె మెడ సన్నం. మొద్దుబారిన చెయ్యి లోపల ఎంతవరకు వెళ్ళిందో నాకే తెలిసేది కాదు. తర్వాత బయట కూడా మానేశాను. అన్వి ఆ గడి ఖాళీగా వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం గ్లోరియా ఫోన్ చేసింది. లెటర్ గురించి అనుకుని ముందే ఒక తిట్టు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ లెటర్ మాట ఎత్తలేదు. రెండు నెలల కిందట మిమ్మల్ని ఫిల్టర్ ఉందా అని అడిగాను గానీ, ఒక ప్రశ్న అడగడం మర్చిపోయాను అంది.

"ఫిల్టర్ తర్వాత నీళ్ళు ఎక్కడికి వెళ్తాయి?"

రాగి క్రిముల్ని చంపుతుంది కదా అని వాదించాను. అందరూ చెప్పేదే. ఆవిడ విన్నది. కుళాయి నీళ్ళలో క్రిములు పెరగకుండా వేసే క్లోరిన్‌ని మీ ఫిల్టర్ తీసేస్తుంది, ఆ తర్వాత ఆ నీళ్ళకి కాపలా లేదు అంది. వంటగది వెచ్చదనం, మూత లేని కుండ, రోజూ చెయ్యి ముంచడం, కడగకపోవడం. మీ రెండో ఇన్ఫెక్షన్ దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు అని రెండుసార్లు అంది. ఒక్కసారి లోపల చూసి చెప్పండి అంది.

స్పీకర్‌లో పెట్టాను. అన్వి ఫోన్ లైటు బిందెలోకి వేసింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. పైన మెడ దగ్గర మెరుస్తూనే ఉంది. అడుగున, నా చెయ్యి అందనిచోట, పచ్చటి మరక మీద సన్నటి జిగట పొర. సంధ్య వేలు పెట్టబోతే గ్లోరియా ఫోన్‌లోంచి వద్దంది, మమ్మల్ని చూస్తున్నట్టే.

రోజూ నిలబడి నిండుతుంటే చూశాను. పై నుంచే చూశాను. ఇరవై ఏళ్ళుగా తప్పు ఎక్కడ మొదలైందో తవ్వి తీసే ఉద్యోగం నాది. ఊరివాళ్ళని తవ్వాను, రమణని తవ్వాను, కొత్తిమీరని తవ్వాను. నేను నింపే బిందెలోకి మాత్రం తొంగి చూడలేదు. ఇంకెవరూ చూడనివ్వలేదు కూడా.

అన్వి మేడ మీదికి వెళ్ళాక సంధ్యతో చెప్పాను. కొత్తిమీర గురించి నేనన్నది తప్పని.

ఆవిడ బిందెని సింక్‌లో బోర్లించి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, "రేపు తెస్తాను. మీరే కడగండి," అంది.

జూలై నుంచి సెప్టెంబర్

ఐదో విడత జూన్ మధ్యలోనే ఎక్కింది, రెండు వారాలు ఆలస్యంగా. ఆ రెండు వారాలు ఏం చేశాయో స్కాన్ వచ్చేదాకా తెలియదన్నారు. ఆ రోజు కుర్చీలో కూర్చున్నప్పుడు గ్లోరియా వేడి దుప్పటి కప్పుతూ, మీ అమ్మాయి చేతిరాత బాగుంటుంది అంది. ఆ మాటకి నేను దుప్పటి మొహం మీదికి లాక్కోవాల్సి వచ్చింది.

ఫిల్టర్ మళ్ళీ ఎంచుకున్నాం. ఈసారి స్ప్రెడ్‌షీట్ లేదు, పెన్ను లేదు. ట్యాంకు, బిందె, జగ్గు ఏవీ అక్కర్లేకుండా, క్రిములు పట్టనంత సన్న రంధ్రాలుండి, తిప్పినప్పుడు వచ్చి ఆపినప్పుడు ఆగేది. ఎప్పటికప్పుడు పట్టుకుని తాగడం. క్రిములు ఆగాలి, నీళ్ళు నిలవకూడదు అని గ్లోరియా చెప్పిన రెండు ముక్కలకి సరిపోయిన మొదటిది తీసుకున్నాం. పాత ఆర్‌ఓ రమణ తీసుకెళ్ళి బిగించుకున్నాడు. ఇప్పుడు వాళ్ళింట్లో పెన్ను ముంచితే అంకె చూసి తనే మురిసిపోతుంటాడు. బిందె విషయం చెప్తే రెండు వారాలు చారు డబ్బాతో రాలేదు. మూడో వారం వచ్చి, "నేనే చెప్పిన కదన్నా," అని గుమ్మంలో నిలబడిపోయాడు. చెప్పింది నువ్వు, కడగనిది నేను అన్నాను. చారు తీసుకున్నాను.

ఇక అడిగేవాళ్ళ కోసం. లెటర్ వచ్చింది. జబ్బు పేరు, ఫిల్టర్ పేరు, పన్నెండు నెలలు అవసరం అని, డాక్టర్ సంతకంతో. పంపాను. మొదటి ఫిల్టర్‌కి తిరస్కరించారు, ఎందుకంటే లెటర్ మీద తేదీ కొన్న తేదీ తర్వాతది. కాబట్టి ముందు లెటర్, తర్వాత కొనుగోలు. కార్డు పనిచేసిందంటే ఒప్పుకున్నట్టు కాదు. రెండో ఫిల్టర్ లెటర్ తర్వాతే కొన్నాం కదా, దానికీ తిరస్కరించారు. రసీదు సంధ్య పేరు మీద ఉందట. భార్య అని నిరూపించాను. మా పెళ్ళికి ఇంత గట్టి సాక్ష్యం వీసా ఆఫీసర్ కూడా అడగలేదు. సెప్టెంబర్‌లో ఒప్పుకున్నారు. ట్రేసీయే ఫోన్ చేసింది, అదృష్టంకొద్దీ మళ్ళీ ఆవిడే. మీకు ఆరోగ్యకరమైన రోజు కావాలంది. ఆరో విడత కూడా అయింది, స్కాన్ శుభ్రంగా వచ్చింది మొన్ననే అన్నాను. ఆవిడ స్క్రిప్టులో లేని గొంతుతో, నిజంగానా అంది.

ఇప్పుడు

వేళ్ళు నెమ్మదిగా తిరిగి వచ్చాయి. ముందు చూపుడు వేలు, చలికాలం చివరికి చిటికెన వేలు. గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. మొదటి రోజు ఒక గుండీ తప్పి కింది కన్నంలో పెట్టుకుని ఆఫీస్‌కి వెళ్ళాను. ఇంట్లో ఇద్దరూ చూశారట, చెప్పలేదు. కొత్తిమీర కూడా నేనే కడుగుతున్నాను. సంధ్య నిలబడి చూస్తుంది.

బిందెని ఒక ఆదివారం సంధ్య, నేను కలిసి తోమాం. ఆవిడ చెయ్యి సన్నం, అడుగుదాకా వెళ్తుంది. చింతపండు, ఉప్పు, మూడు సార్లు. పైన అల్మారాలో బోర్లించి పెట్టాం. మంచి బిందె. పాపం, దాని తప్పేమీ లేదు.

పోయిన నెల ఆ కంపెనీ నుంచి మళ్ళీ కాగితం వచ్చింది. మీ లెటర్ గడువు అయిపోతోంది. ఫిల్టర్‌లో మార్చే కార్ట్రిడ్జ్‌కి డబ్బు కావాలంటే కొత్త లెటర్ కావాలి, ఈ ఫారం నింపండి అని. డాక్టర్‌ని అడిగితే ఇంకో ఏడాదికి రాసిస్తారు, వదలకు అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అడిగితే ఇచ్చేవారేమో కూడా. ఆ డబ్బు నాదే, నా జీతంలోంచి పోయిందే. ఏడాదంతా దాని కోసమే కదా కొట్టుకున్నది.

బల్ల దగ్గర కూర్చుని ఫారం తెరిచాను. అన్వి పెన్ను తీసుకుని పక్కన కూర్చోబోయింది. నేను రాసుకుంటానులే అన్నాను. పేరు. పుట్టిన తేదీ. మళ్ళీ మొదటి నుంచీ. రెండో పేజీలో ఒక గడి ఉంది. ఈ వస్తువు అవసరమైన జబ్బు మీకు ఇప్పటికీ ఉన్నదా?

పెన్ను నొక్కి పట్టుకున్నాను. పట్టు నాకు తెలుస్తోంది, వేలి చివర్న చల్లగా. లేదు అని రాశాను. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. అన్వి చదివి, నా భుజం మీద తల పెట్టింది.

వారానికి జవాబు వచ్చింది. వర్తించదట. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టాను. వచ్చిన తిరస్కరణలన్నిటిలోకీ నేను అడిగి తెప్పించుకున్నది అదొక్కటే.